పదకొండో వాడు

పెద్ద వరద వచ్చి పోయిన నాలుగో ఏడు అది. నవంబరు నెల, మంగళవారం, దీపాలు పెట్టే వేళ.

మార్లిస్ కోటు విప్పలేదు. కారు తాళాలు చేతిలోనే ఉన్నాయి. గోధుమరంగు కవరు ఒకటి బల్ల మీద పడేసి తల్లి ఎదురుగా నిలబడింది.

"తెచ్చాను. ఇంకో గంట ఆగితే అచ్చుకి పోయేది."

ఎల్డా కవరు వైపు చూడలేదు. బంగాళదుంపలు చెక్కుతోంది. కుడిచెయ్యి పట్టు తప్పిన దగ్గర్నుంచీ దుంపని ఒళ్ళో గుడ్డ మధ్య అదిమిపెట్టి ఎడమచేత్తో చెక్కడం అలవాటు చేసుకుంది. తొక్క మందంగా వస్తుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ అనరు.

"ఎవర్నడిగి ఇచ్చావమ్మా పత్రికవాళ్ళకి?"

"నేను తీసిన ఫోటో. ఎవర్నడగాలి?"

"వాడి ఫోటో అది."

"వాడి ఫోటో కాబట్టే ఇచ్చాను. పాత ఫోటోలుంటే ఇవ్వండని ఊరంతా అడిగారు. ఆట గురించి నాలుగు పేజీలు వేస్తున్నారట. అందరూ ఇచ్చారు. మంగలాయన కూడా ఇచ్చాడు, మీసాలున్నప్పటిది."

"మంగలాయన మీసాల వల్ల ఎవడి ఆటా పోదు."

విల్మర్ తలుపు దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుతున్నాడు. ఒకటి విప్పాడు. రెండోది ముడి పడింది. దాంతోనే కుస్తీ పడుతున్నాడు. నిజానికి ముడి ఎప్పుడో ఊడింది.

లిండాల్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి సామాను చూసే మనిషి అతను. ఇరవై నాలుగేళ్ళుగా అదే పని. హెల్మెట్లు బిగించడం, ప్యాడ్ల పట్టీలు కుట్టడం, జెర్సీలు ఉతికి ఎవరి కొక్కానికి వాళ్ళది తగిలించడం. కాళ్ళతో ఆడే బంతాట కాదిది. బంతి చంకలో పెట్టుకుని ఒకడు పరుగెడుతుంటే పదకొండుమంది మీద పడి కింద పడేసే ఆట. సామాను చూసేవాడికి ఆటలో నోరుండదు. విల్మర్‌కి ఇంట్లో కూడా పెద్దగా లేదు.

ఈ ఏడు లిండాల్ తొమ్మిది ఆటలు ఆడింది. తొమ్మిదీ గెలిచింది. శనివారం సెయింట్ బ్రెండన్ కాలేజీతో పదోది. అదీ గెలిస్తే ఎనిమిది కాలేజీల కాన్ఫరెన్స్‌లో మొదటి చోటు. ఆపైన ప్లేఆఫ్. దేశం మొత్తం మీద పదహారు చిన్న కాలేజీలనే పిలిచే పోటీ అది. లిండాల్‌ని ఎన్నడూ పిలవలేదు. ఊళ్ళో దుకాణాల అద్దాల మీద సబ్బుతో తొమ్మిది గీతలు గీసి పెట్టారు. బ్యాంకులో డబ్బు లెక్కపెట్టే పిల్ల కూడా జట్టు రంగు చొక్కాయే వేసుకొస్తోంది.

విల్మర్ మనవడు కర్ట్ ఆ జట్టులో ఉన్నాడు. ఊరికే ఉండటం కాదు. అవతలివాళ్ళ బంతి ఎటు పోతే అటు వాడు ఉంటాడు.

"నాన్నా, నువ్వేమీ అనవా?" మార్లిస్ ఇటు తిరిగింది.

"ఏమనమంటావు?"

"ఆ ఫోటో పొయ్యిలో పెట్టమను."

ఎల్డా కత్తి పక్కన పెట్టింది. ఎడమచెయ్యి తుడుచుకుని కవరు మీద ఆనించింది. గట్టిగా కాదు, ఊరికే.

"పెట్టను," అంది.

"అమ్మా, నీకు అర్థం కావట్లేదు."

"అర్థమైంది. నిన్న మీ నాన్న చెప్పాడు. ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దన్నాడు, చెప్పను. ఫోటో కాల్చమంటే మాత్రం కాల్చను. అదొక్కటే ఉంది నా దగ్గర."

"నిన్న తెలిసి ఇవాళ పొద్దున్న ఎందుకిచ్చావు మరి?"

"శుక్రవారమే ఇచ్చాను. నిన్న తెలిసింది. వెనక్కి వెళ్ళి తెచ్చుకోవడానికి నా కాళ్ళు నీ కాళ్ళలాంటివి కాదు."

మార్లిస్ తాళాలు బల్ల మీద పెట్టింది.

నిన్న, సోమవారం, విల్మర్ సాక్సులు జత చేస్తుంటే పక్క గదిలో చిన్న కోచ్ కుర్రాళ్ళకి ఒక కాగితం చదివి వినిపించాడు. ప్లేఆఫ్‌కి పంపే కాగితం. ఒక్కొక్కడూ ఏ ఏ ఏళ్ళు ఆడాడో రాసి సంతకం పెట్టాలి. ఒక కుర్రాడికి నాలుగేళ్ళే ఆట. గాయాలతోనో మరోలానో ఒక ఏడంతా మైదానంలో అడుగు పెట్టకుండా ఉంటే ఆ ఏడు లెక్కలోకి రాదు, తర్వాత ఆడుకోవచ్చు. కానీ గీత దాటి ఒక్కసారి లోపలికి వెళ్ళినా, ఒక్క బంతికే అయినా, ఆ ఏడు అయిపోయినట్టే. లెక్క దాటినవాణ్ణి ఆడిస్తే వాడాడిన ఆటలన్నీ ఓడినట్టే.

ఒక్క బంతికే అయినా, అన్నాడు చిన్న కోచ్. విల్మర్ చేతిలో సాక్సు ఒంటరిగా ఉండిపోయింది.

ఇరవై నాలుగేళ్ళుగా ఆ గదిలో ఉన్నాడు. ఆ మాట వినడం అదే మొదలు.

"ఎవరికీ తెలియదు నాన్నా," మార్లిస్ గొంతు తగ్గించింది. కుర్చీ లాక్కుని కోటుతోనే కూర్చుంది. "కాలేజీ పుస్తకంలో ఆ వరద ఏడు నలభై ఏడో నంబరు డేల్ విక్ అని ఉంది. డేల్ విక్కే ఆడాడని ఉంది. వాడే వచ్చి నేను కాదంటే తప్ప ఎవరికి తెలుస్తుంది? వాడు డకోటాలో ఎక్కడో గొడ్లు కాసుకుంటున్నాడు."

"ఊఁ."

"ఊఁ అంటే?"

"విన్నానని."

"నన్ను ఈ ఊళ్ళో ఏమని పిలిచేవాళ్ళో తెలుసుగా. మొగుడు వదిలేసిపోయిన మార్లిస్. పదిహేనేళ్ళు అదే పేరు. ఈ సెప్టెంబరు నుంచి కర్ట్ వాళ్ళమ్మ అంటున్నారు. గింజల గోదాములో తూకం దగ్గర నిలబడితే ట్రాక్టరు దిగి వచ్చి మరీ చెయ్యి కలుపుతున్నారు. నాకు ఇంకొక్క శనివారం కావాలి. ఎక్కువ అడిగానా?"

విల్మర్ రెండో బూటు విప్పి మొదటిదాని పక్కన పెట్టాడు. రెండూ సరిగ్గా ఒక వరసలో ఉన్నాయో లేదో చూశాడు.

ఎల్డా దుంపలు మళ్ళీ అందుకుంది. చెయ్యి మాత్రం ముందు కవరుని తన వైపుకి లాక్కుంది.

*

కర్ట్ వచ్చేసరికి దుంపలూ పందిమాంసం ముక్కలూ ఓవెన్లోంచి తీశారు. వాడు తలుపు తీయగానే చలి వచ్చింది, వాడితోపాటు తడిగడ్డి వాసన వచ్చింది. నెత్తి ఇంకా తడిగానే ఉంది.

"టోపీ ఏదిరా?" అంది ఎల్డా.

"కారులో ఉందమ్మమ్మా."

"కారుకి జలుబు చేస్తుందని పెట్టావా?"

వాడు నవ్వి ఆమె తల మీద ముద్దు పెట్టాడు. కూర్చున్నాడు. ముగ్గురి మొహాలూ చూశాడు. తర్వాత బల్ల మీది కవరు చూశాడు.

మార్లిస్ చెయ్యి చాచింది. వాడు ముందే తీశాడు.

ఫోటో కాస్త పక్కకి ఒరిగి ఉంది. కారు అద్దంలోంచి తీసింది కాబట్టి ఒక మూల వైపరు కూడా పడింది. బురద మైదానం. ఒకడు మోకాళ్ళ మీద లేస్తున్నాడు. వీపు మీద నలభై ఏడు. తల ఇటు తిప్పాడు, హెల్మెట్ వంకరగా ఉంది, నోరు తెరిచి నవ్వుతున్నాడు.

"నేనేనా?"

"నువ్వే," అంది ఎల్డా. "పడి లేస్తున్నావు."

కర్ట్ దాన్ని చాలాసేపు చూశాడు. దుంపలు చల్లారుతున్నాయి. ఎవరూ తినమనలేదు.

వరద ఏడాది సంగతి అది. నది జూలైలో గట్టు తెంచుకుని వచ్చింది. మైదానం మీద పడవలు తిరిగాయి. చెక్కస్టాండ్ల కింద సామాను గది ఉండేది. విల్మర్ నడుంలోతు నీళ్ళలో వెళ్ళి తలుపు తోస్తే, హెల్మెట్లు ఒకదాని వెనక ఒకటి తేలుకుంటూ అతనికి ఎదురొచ్చాయి, బాతుల్లా. జెర్సీలు నలభై నాలుగు దొరికాయి. ఎల్డా పెరట్లో తాళ్ళు కట్టి మూడుసార్లు ఉతికింది. మూడోసారి ఆరేసినప్పుడు పక్కింటివాళ్ళు వచ్చి నిలబడి చూశారు, పెళ్ళి పందిరిలా ఉందన్నారు. నది వాసన మాత్రం పోలేదు. ఇప్పటికీ వాన పడితే ఆ జెర్సీల దగ్గర అదే వాసన.

సెప్టెంబరులో ఆమెకి కుడిపక్క పడిపోయింది. ఆ ఉతుకుడు వల్లే అని డాక్టరు అనలేదు. విల్మర్ మటుకు ఎన్నడూ వేరేగా అనుకోలేదు.

ఆ ఏడు ఆటలు గుట్ట మీద సంత మైదానంలో ఆడారు. పశువుల ప్రదర్శన జరిగే చోటు. స్టాండ్లు లేవు. జనం కార్లు చుట్టూ నిలబెట్టుకుని లోపలే కూర్చుని చూసేవాళ్ళు. మనవాళ్ళు పాయింట్లు చేస్తే చప్పట్లు కొట్టరు, హారన్లు కొడతారు. చివరి ఆటకి మార్లిస్ తల్లిని దుప్పట్లలో చుట్టి పాత ఫోర్డులో కూర్చోబెట్టి తెచ్చింది. ఆమె ఆస్పత్రి నుంచి వచ్చి వారమే అయింది. మాట ఇంకా తిరగట్లేదు. అడిగింది ఒకటే. కర్ట్ ఏడి?

కర్ట్ అప్పుడు కొత్తగా చేరినవాడు. ఆగస్టులో భుజం దెబ్బతింది. తగ్గాక కూడా, ఈ ఏడు వద్దు, దాచుకుందాం అన్నాడు పెద్ద కోచ్ ఫిస్క్. భుజాన్ని దాచుకుందాం అంటున్నాడని విల్మర్ అనుకున్నాడు. ఏడుని దాచుకుందాం అని అతనికి ఎవరు చెప్తారు?

ఆ రోజు లిండాల్ నలభై పాయింట్ల ముందుంది. ఆట అయిపోవడానికి రెండు నిమిషాలు. ఈ ఆటలో పాయింట్లు చేశాక ఒకసారి బంతిని అవతలివాళ్ళకి తన్నాలి, అందుకు జట్టు లోపలికి వెళ్ళింది. లెక్కపెడితే పదకొండుకి పదిమందే. డేల్ విక్ మొక్కజొన్న కోతకి ఇంటికి పోయాడు, ఆ సంగతి కోచ్‌లకి చెప్పలేదు, విల్మర్‌కి ఒక్కడికే చెప్పి జెర్సీ ఇచ్చేసి పోయాడు. ఒకడు తక్కువ, ఒకడు తక్కువ అని ఎవరో అరిచారు. కోచ్ ఫిస్క్ అటు తిరిగి రిఫరీతో గొడవ పడుతున్నాడు. కర్ట్ ప్యాడ్లు కట్టుకుని, పైన ఉత్త తెల్లబనీనుతో గీత దగ్గర నిలబడి ఉన్నాడు. విల్మర్ సంచిలోంచి నలభై ఏడు తీసి వాడి తలలోంచి లాగాడు. రెండు చేతులూ వాడి వీపు మీద పెట్టి నెట్టాడు.

ఇరవై నాలుగేళ్ళలో అతను కోచ్‌ని అడక్కుండా చేసిన పని అదొక్కటే.

వాడు పరుగెత్తాడు. ఎవరి మీదా పడలేదు, ఎవడూ వాడి మీద పడలేదు. తనంతట తనే బురదలో జారి పడ్డాడు. లేచాడు. ఆ ఒక్క బంతితో వాడి పని అయిపోయింది. పాయింట్లు లేవు, ఏమీ లేవు. అంత మైదానంలో ఒక్క కారు హారన్ కొట్టింది. ఆపకుండా కొట్టింది. జనం తిరిగి చూశారు. పాత ఫోర్డులో ఎల్డా ఎడమ మోచేయి హారన్ మీద పెట్టి, ఎడమచేత్తో కెమెరా పట్టుకుని ఉంది.

"ఈ ఏడు తొమ్మిది ఆటలాడాను అమ్మమ్మా," అన్నాడు కర్ట్, ఫోటో బల్ల మీద పెడుతూ. "వాటివి ఒక్కటీ తీయలేదు నువ్వు."

"అవి తీసేవాళ్ళు చాలామంది ఉన్నార్రా."

మార్లిస్ ముక్కు చీదుకుంది. "తిను. చల్లారిపోతోంది."

తిన్నారు. ఉప్పు అడిగినవాడికి ఉప్పు ఇచ్చారు. కర్ట్ రెండోసారి దుంపలు వడ్డించుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు.

"సంతకం పెట్టేశాను."

విల్మర్ నములుతున్నది ఆపాడు.

"నాలుగేళ్ళని రాశాను. ఆ వరద ఏడు కూడా రాస్తే ఐదవుతాయి, రాయలేదు."

"మంచిపని చేశావు," అంది మార్లిస్. వెంటనే అంది.

"తెలిసే రాశావా?" అన్నాడు విల్మర్. ఆ సాయంత్రం అతను తనంతట తను అడిగిన మొదటి మాట అది.

"తెలిసే రాశాను తాతా."

ఎల్డా లేచింది. ఎడమచేత్తో కర్ర పట్టుకుని, గిన్నెని కుడి మోచేతి మడతలో ఇరికించుకుని సింకు దగ్గరికి వెళ్ళింది. గిన్నె ఇంకా సగం నిండుగానే ఉంది.

*

భోజనాలయ్యాక విల్మర్ కారు షెడ్డులోకి వెళ్ళాడు. పట్టీ తెగిన హెల్మెట్లు రెండు ఇంటికి తెచ్చుకున్నాడు. దీపం కింద కూర్చుని ఒకదానికి రివెటు కొడుతుంటే కర్ట్ వచ్చి కారు బానెట్‌కి ఆనుకుని నిలబడ్డాడు. టోపీ పెట్టుకున్నాడు ఇప్పుడు.

"అది ఎవరిది?"

"కొత్తగా వచ్చిన ఆ లావుపాటి కుర్రాడిది."

"వాడి తల మామూలు తల కాదు. గుమ్మడికాయ."

"గుమ్మడికాయలకీ పట్టీలు కావాలి."

కర్ట్ నవ్వాడు. నవ్వు త్వరగా అయిపోయింది.

"కోపమా తాతా?"

"లేదు."

"ఉంటే తిట్టు. నువ్వు తిట్టకుండా రివెట్లు కొడుతుంటే నాకు చికాకు."

విల్మర్ సుత్తి పక్కన పెట్టాడు. "నాకెందుకు చెప్పలేదు? దాచుకున్నది ఏడు అని."

"అప్పుడా? నాకు పద్దెనిమిదేళ్ళు. ఎవరూ చూళ్ళేదు, హమ్మయ్య అనుకున్నాను. తర్వాత చెబితే నిన్ను పనిలోంచి తీసేస్తారనుకున్నాను. ఆ తర్వాత..." వాడు బానెట్ మీద వేలితో రాశాడు, చెరిపాడు. "ఆ తర్వాత మర్చిపోయాను. నిజం. సోమవారం ఆ కాగితం చదివేదాకా గుర్తే లేదు."

"ఇప్పుడు గుర్తుందిగా."

"ఉంది."

"మరి?"

"మరి ఏముంది? అరవైమంది ఉన్నాం తాతా. లావుపాటి వాడున్నాడు. నాలుగేళ్ళూ బెంచీ మీదే కూర్చున్నవాళ్ళున్నారు, వాళ్ళు కూడా పెట్టెలు సర్దుకుంటున్నారు, ప్లేఆఫ్‌కి ఎక్కడికి పంపుతారో అని మ్యాపులు చూస్తున్నారు. ఒక్కడి బురద మరకకి తొమ్మిది ఆటలు తుడిచేస్తారా? అది న్యాయమా?"

విల్మర్ రివెట్ల డబ్బాకి మూత పెట్టాడు. తుడిచేస్తే న్యాయం కాదనే అతనికీ అనిపించింది. సంతకం సంగతి వేరే. అది మాటల్లో పెట్టడం చేతకాలేదు.

"నెట్టింది నేను," అన్నాడు చివరికి.

"నెట్టావు."

"అమ్మమ్మ కోసం."

"తెలుసు." కర్ట్ టోపీ కిందికి లాక్కున్నాడు. "తాతా, నాకు ఈ తొమ్మిది ఆటల్లో ఏదీ అంత బాగా గుర్తులేదు. ఆ ఒక్కటే పొద్దస్తమానూ గుర్తొస్తోంది. ఆ హారన్. పిచ్చి పట్టినట్టు కొట్టింది కదూ?"

"బ్యాటరీ అయిపోయింది. కారు తోసుకుంటూ ఇంటికొచ్చాం."

ఇద్దరూ నవ్వారు. ఈసారి కాసేపు నిలిచింది.

"నువ్వు కోచ్‌కి చెప్తావు," అన్నాడు కర్ట్. అడగలేదు, అన్నాడు.

విల్మర్ హెల్మెట్ తిప్పి పట్టీ లాగి చూశాడు. గట్టిగానే ఉంది. మళ్ళీ లాగాడు.

"చెప్పొద్దని అననా?" అన్నాడు కర్ట్.

"అను."

వాడు అనలేదు. దీపం కింద కాసేపు నిలబడి లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు అవతల మార్లిస్ ఏదో అడిగింది, వాడేదో చెప్పాడు. తర్వాత ఆమె మెట్లు ఎక్కి పైకి వెళ్ళిన చప్పుడు. ఎప్పుడూ లేనిది తలుపు గట్టిగా వేసింది.

*

బుధవారం పొద్దున్న ఆరుగంటలకి విల్మర్ కోచ్ ఫిస్క్ గదిలో ఉన్నాడు. బయట ఇంకా చీకటి. కోచ్ సెయింట్ బ్రెండన్ ఆట టేపు పెట్టుకుని, ముందుకీ వెనక్కీ తిప్పుకుంటూ కాగితం కప్పులో కాఫీ తాగుతున్నాడు.

"రా పెద్దాయనా. చూడు వీడిని. ఎడమకి వెళ్ళే ముందు ప్రతిసారీ వేళ్ళు నాక్కుంటాడు. మన కర్ట్ వీడిని తినేస్తాడు."

"కోచ్‌గారూ, అది ఆపండి."

ఇరవై నాలుగేళ్ళలో విల్మర్ అతనికి ఏదీ ఆపమని చెప్పలేదు. ఫిస్క్ ఆపాడు.

విల్మర్ నిలబడే చెప్పాడు. సంత మైదానం, పదిమంది, డేల్ విక్, సంచిలోంచి నలభై ఏడు. ఎల్డా మాట రానివ్వలేదు. మొత్తం చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఫిస్క్ టీవీ అద్దం వైపే చూస్తున్నాడు. అందులో వేళ్ళు నాక్కునేవాడు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఆగిపోయి ఉన్నాడు.

"నువ్వు పంపావు."

"నేనే."

"నిన్ను పంపమన్నదెవరు?"

"ఎవరూ అనలేదు."

"సాక్సులు లెక్కపెట్టే పని నీది. కుర్రాళ్ళని లెక్కపెట్టమని ఎవడన్నాడు నీతో?"

"ఎవడూ అనలేదు కోచ్‌గారూ."

"ఇరవై నాలుగేళ్ళు." ఫిస్క్ లేచాడు. కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు, చీకటీ తన మొహమూ తప్ప. "మా ఆవిడ దుప్పట్లు కొంది. ప్లేఆఫ్‌లో స్టాండ్ల మీద చలిగా ఉంటుందని నాలుగు దుప్పట్లు కొంది, ఎర్రవి. నువ్వు ఈ మాట శనివారం ఆట అయ్యాక, ఆదివారం చెప్పకూడదూ?"

"అనుకున్నాను."

"మరి?"

"కాగితం రేపు పోతుందిగా."

ఫిస్క్ నుదురు కిటికీ అద్దానికి ఆనించాడు. గది వెచ్చబెట్టే ఆవిరి గొట్టం టకటకమంది. తర్వాత అతని భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అని విల్మర్ భయపడ్డాడు. ఏడుపు కాదు, నవ్వు.

"ఆ హారన్ మీ కారుదన్నమాట," అన్నాడు ఫిస్క్. "ఆ రోజు రిఫరీతో గొడవలో ఉన్నానా, వెనక ఎవరో ఆపకుండా హారన్. నా మీదే కొడుతున్నారనుకున్నాను. అంత బూతులు తిట్టావా ఏమిటి అని మా ఆవిడ ఇంటికెళ్ళాక అడిగింది." అతను కళ్ళు తుడుచుకున్నాడు. "నాలుగేళ్ళుగా నా గురించే అనుకుంటున్నాను విల్మర్."

వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. సొరుగు తీశాడు. కాగితాల కట్టలోంచి ఒకటి లాగి బల్ల మీద ఇటు తోశాడు. అడుగున కర్ట్ చేతిరాత. నాలుగు ఏళ్ళు, కింద సంతకం.

"నువ్వు చెప్పింది నా చెవిన పడింది. పడలేదని నేననను. కానీ ఇది నీ కాగితం కాదు, నాదీ కాదు. తీసుకెళ్ళి వాడికివ్వు. వాడు ఎలా తెస్తే అలా తీసుకుంటాను. మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉంటాను."

"వాడు అలాగే తెస్తే?"

"అప్పుడు నేనేం చేస్తానో నాకు తెలియదు. అడక్కు."

విల్మర్ కాగితం మడవలేదు. చొక్కా లోపల, గుండెకి చల్లగా తగిలేలా పెట్టుకుని బయటికొచ్చాడు.

ఇంటికి వెళ్ళలేదు. చీకటి పోయేదాకా సామాను గదిలో కూర్చున్నాడు. తెల్లారాక సున్నం బండి నింపుకుని మైదానంలోకి వెళ్ళాడు. శనివారానికి గీతలు వేసే రోజు. ఎవరు ఆడినా గీతలుండాలి. దారం కట్టి, బండి తోస్తూ ఒక కొస నుంచి మొదలుపెట్టాడు. పది గజాల గీత అయింది. ఇరవైది సగంలో ఉండగా గేటు చప్పుడైంది.

కర్ట్. పుస్తకాల సంచి ఒక భుజానికి. ఎనిమిది గంటల క్లాసుకి వెళ్ళేవాడు దారి మళ్ళి వచ్చాడు. తడిగడ్డి మీద మెల్లగా నడిచి వచ్చాడు, గీత తొక్కకుండా.

"చెప్పావు," అన్నాడు.

విల్మర్ తలూపాడు. చొక్కాలోంచి కాగితం తీసి ఇచ్చాడు. జేబులోంచి పెన్ను తీసి, అదీ ఇచ్చాడు. కర్ట్ తన రాత తనే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"కోచ్ ఏమన్నాడు?"

"మధ్యాహ్నం దాకా ఉంటానన్నాడు."

"నువ్వేమంటావు?"

మనవడి మొహం అంత దగ్గర్నుంచి చూసి చాలా రోజులైంది. గడ్డం కింద పాత కుట్ల మచ్చ ఉంది. ఆ కుట్లు వేయించడానికి ఎత్తుకుని పరుగెత్తింది తనే.

విల్మర్ బండి పిడి పట్టుకున్నాడు. మిగిలిన సగం గీత వేసుకుంటూ అవతలి అంచుదాకా వెళ్ళాడు. దారం విప్పి, పది గజాలు ఇటు జరిపి, కొయ్య దిగగొట్టాడు. వెనక గడ్డిలో అడుగుల చప్పుడు మొదలైంది. కోచ్ గది వైపో క్లాసు వైపో, ఎటు పోతున్నాయో తల తిప్పితే తెలిసేది. అతను వంగి సున్నం బండి ముక్కు దారానికి సరిగ్గా ఆనించి, ముప్ఫై గజాల గీత తోయడం మొదలుపెట్టాడు.